కౌంటర్ అవతలి చప్పుళ్ళు

ఊరి నడిబొడ్డున, పెద్ద పెద్ద కొట్ల మధ్య ఇరుక్కుపోయి, లోపల ఆరేడు బల్లలకి మించని కాఫీ షాపు ఒకటి దాదాపు అందరి జ్ఞాపకాల్లోనూ ఉంటుంది. దాని గురించి అడిగితే ముందు "కాఫీ అదిరిపోయేది" అంటారు. ఇంకాస్త తవ్వితే చప్పుళ్ళు బయటికొస్తాయి. గ్రైండర్ గరగర, పిప్పి దులిపే ఠక్, పాలలోకి దూరే ఆవిరి బుస, సాసర్ మీద కప్పు పెట్టినప్పటి టింగ్. కౌంటర్ అవతల పనిచేసినవాళ్ళకి ఆ చప్పుళ్ళు చాలు, ఏది సవ్యంగా నడుస్తోందో, ఎక్కడ తేడా కొట్టిందో తల తిప్పకుండానే తెలిసిపోతుంది. ఇటువైపు కూర్చున్నవాళ్ళకి అదంతా కలిసి హాయిగా ఉండేది, అంతే. ఆ హాయి వెనక ఎంత చాకిరీ ఉండేదో చెప్పుకోవడం కూడా ఆ షాపుని గుర్తుచేసుకోవడమే.

పని షాపు తెరవక ముందే మొదలయ్యేది. వేడినీళ్ళని ఒత్తిడితో పొడిలోంచి తోసి చిక్కటి కాఫీ తీసే ఎస్ప్రెసో మెషీన్‌ని రాత్రి ఆపేసే అలవాటున్న చోట, తలుపులు తీయడానికి కనీసం 40 నిమిషాల ముందు ఎవరో ఒకరు వచ్చి స్విచ్ వేయాలి. బాయిలర్‌లో నీళ్ళు పది, పదిహేను నిమిషాల్లోనే కాగుతాయి. డయల్ మీద ముల్లు కూడా సిద్ధం అన్నట్టే నిలబడుతుంది. కానీ కాఫీ దిగే చోట ఉండే గ్రూప్ అనే ఇత్తడి దిమ్మ నాలుగైదు కిలోల బరువుంటుంది, దానికి ఒళ్ళు వెచ్చబడటానికి అరగంట పైనే కావాలి. ముల్లుని నమ్మి తొందరపడి మొదటి కప్పు తీస్తే అది పుల్లగా వచ్చేది. పొడి పట్టే పోర్టాఫిల్టర్లని కూడా ఖాళీగా గ్రూప్‌కే బిగించి ఉంచేవాళ్ళు, అవీ వేడెక్కాలి కాబట్టి. చల్లటి పోర్టాఫిల్టర్ బల్ల మీద పడి ఉందంటే ఆ షాపు సంగతి అప్పుడే సగం తెలిసిపోయినట్టు.

తర్వాత గ్రైండర్. పొద్దున్నే షాపులో నిజంగా జరిగే పని ఇదే. నిన్న సరిగ్గా కుదిరిన సెట్టింగ్ ఇవాళ కుదరదు. గాలిలో తేమ మారుతుంది, గింజలు ఒక రోజు పాతబడతాయి, వాటిలో గ్యాస్ కొంత తగ్గుతుంది. అందుకే ప్రతి ఉదయం తూకం పెట్టి చూడాల్సిందే. రెండు షాట్ల, అంటే రెండు చిన్న కప్పుల ఎస్ప్రెసో దిగే, బాస్కెట్‌లో (పోర్టాఫిల్టర్ లోపలి చిల్లుల గిన్నెలో) 18 గ్రాముల పొడి వేసి, 36 గ్రాముల కాఫీ దిగడానికి ఎంత సేపు పడుతోందో చూస్తారు. 25 నుంచి 30 సెకన్ల మధ్య ఉంటే సరే. 18 సెకన్లకే జలజలా కారిపోయిందంటే పొడి బరకగా ఉన్నట్టు, రుచి పులుపుగా, నీళ్ళగా ఉంటుంది. 40 సెకన్లు దాటినా చుక్క చుక్కగానే పడుతోందంటే మరీ మెత్తగా పడినట్టు, చేదూ వగరూ నాలుకకి పట్టుకుని వదలవు. సెట్టింగ్ కొద్దిగా తిప్పి, లోపల మిగిలిపోయిన పాత పొడిని ఒకసారి వదిలించి, మళ్ళీ చూస్తారు. ఆ వదిలించడం మరిచిపోతే మార్పు తెలియదు, మళ్ళీ తిప్పుతారు, ఆపైన దారి తప్పుతుంది. కొత్తగా చేరినవాళ్ళు పొద్దున్నే అరకిలో గింజలు తగలేసేది ఇక్కడే. పాతవాళ్ళు రెండు మూడు షాట్లలో దారికి తెచ్చేవాళ్ళు, అవన్నీ సింక్‌లోకే.

మధ్యాహ్నం రద్దీలో ఇదే గ్రైండర్ మళ్ళీ మొరాయించేది. వరసగా ముప్పై, నలభై కాఫీలకి ఆడితే పళ్ళు వేడెక్కి, పొడి తీరు మారి, షాట్ల లెక్క తప్పుతుంది. ఉదయం పదింటికి అమృతంలా ఉన్న కాఫీ ఒంటిగంటకి మామూలుగా ఉందని వచ్చేవాళ్ళు అనుకోవడంలో తప్పు లేదు. చెవి తెలిసిన మనిషైతే కాఫీ కప్పులో పడే చప్పుడు పలచబడగానే చెయ్యి గ్రైండర్ మీదకి పోయేది.

గింజల విషయంలో తాజాదనం అంటే వేయించిన రోజునే వాడటం అనుకుంటారు చాలామంది. వేయించిన మర్నాడు గింజల్లో కార్బన్ డయాక్సైడ్ నిండా ఉంటుంది. ఆ గింజలతో తీస్తే నురగ బోలెడు, రుచి మాత్రం గరుకుగా ఉంటుంది. వారం, పది రోజులు ఆగితే కుదురుకుంటుంది. నెల దాటితే పైన కట్టే ఆ బంగారు రంగు క్రీమా పలచబడి, నిమిషంలో విరిగిపోయి, అడుగున నల్లటి కాఫీ కనబడుతుంది. మంచి షాపుల్లో గ్రైండర్ పైన ఉండే గింజల గిన్నెని ఎప్పుడూ నిండుగా ఉంచేవాళ్ళు కాదు. అద్దంలోంచి నిండుగా కనిపిస్తే అందమే, కానీ గాలి, వెలుతురు, కింద మోటారు వేడి కలిసి గింజల పని పడతాయి. ఆ గిన్నె అడుగున జిడ్డు పట్టి పసుపు పచ్చగా మెరుస్తుంటే, పాతబడిన నూనె కంపు ఆ రోజు ప్రతి కప్పులోనూ ఉంటుంది.

పొడి పట్టాక దాన్ని సర్ది, చదునుగా అదిమి, గ్రూప్‌కి బిగిస్తారు. అదమడంలో బలం గురించి పెద్ద చర్చలు జరిగేవి గానీ, ఒక స్థాయి దాటాక బలంతో పనిలేదు. చదును ముఖ్యం. ఒక పక్కకి ఒరిగితే పల్చగా ఉన్న వైపు నుంచి నీళ్ళు సందు చేసుకుని పోతాయి. అక్కడి పొడి పిప్పి పిప్పి అయిపోయి చేదు దిగుతుంది, మిగతాది సగం పచ్చిగా ఉండి పులుపు దిగుతుంది. ఒకే కప్పులో రెండు దోషాలూ ఉంటాయి. గాలి పొడిగా ఉండే రోజుల్లో పొడి ఉండలు కట్టి, బాస్కెట్ అంచులకి అతుక్కుని, మరీ విసిగించేది. గ్రైండర్‌లో వేసే ముందు గింజల మీద తడి చెంచా కాడతో ఒక్క చుక్క నీళ్ళు తాకించి కలిపితే చాలా మట్టుకు పోతుంది. ఒక్క చుక్కే, రెండోది అక్కర్లేదు.

ఇక ఆ పొడుగాటి పిడి ఉన్న పాత మెషీన్లు. వాటిని చూసినవాళ్ళు మరిచిపోలేరు. 1901లో లుయీజీ బెజ్జెరా పేటెంట్ తీసుకున్న మెషీన్ లాంటి తొలి తరం వాటిలో ఆవిరే నీళ్ళని తోసేది. ఒత్తిడి ఒకటిన్నర బార్‌కి అటూ ఇటూ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత), వేడి మాత్రం విపరీతం. అందుకే ఆ కాఫీ నల్లగా, కాస్త మాడు రుచితో ఉండేది, పైన క్రీమా ఉండేది కాదు. 1938లో మిలాన్‌లో అకిల్లే గాజ్జియా ఆవిరితో పనిలేకుండా కాఫీ తీసే పద్ధతికి పేటెంట్ పెట్టాడు. యుద్ధం అయ్యాక అందులోంచే స్ప్రింగు, పిడి ఉన్న మెషీన్లు వచ్చాయి. పిడి కిందికి లాగితే స్ప్రింగు నొక్కుకుని, పిస్టన్ పైకి లేచి, పొడి మీదికి వేడినీళ్ళు వస్తాయి. ఐదారు సెకన్లు పొడి నాననిచ్చి పిడి వదిలితే స్ప్రింగు తనంతట తను నీళ్ళని తోస్తుంది. మొదట ఎనిమిది, తొమ్మిది బార్ల ఒత్తిడి, స్ప్రింగు చాచుకునేకొద్దీ మెల్లగా తగ్గుతుంది. చివర్లో ఒత్తిడి తగ్గడం వల్ల చేదు పెద్దగా దిగదు. ఆ మెషీన్ కాఫీలో ఉండే నునుపుకి అసలు కారణం అదే.

దానితో ప్రమాదమూ ఉంది. పోర్టాఫిల్టర్ బిగించకుండానో, పొడి వేయకుండానో పిడి లాగి వదిలితే అడ్డం ఏమీ ఉండదు కాబట్టి పిడి ఉన్నపళంగా పైకి ఎగదన్నుతుంది. గడ్డం, పళ్ళు దాని దారిలోనే ఉంటాయి. అందుకే ఆ మెషీన్ దగ్గర పనిచేసేవాళ్ళు పిడికి ఎదురుగా వంగి నిలబడరు, ఒక పక్కకి జరిగి లాగుతారు. చూసేవాళ్ళకి అదేదో స్టైల్‌లా కనిపించేది.

1961లో ఫాయెమా కంపెనీ 'ఇ61' మెషీన్ తెచ్చాక ఆ బలప్రయోగం తగ్గింది. మోటారు పంపు తొమ్మిది బార్ల ఒత్తిడిని ఆసాంతం నిలకడగా ఇస్తుంది, మనిషి చిన్న మీట ఎత్తితే చాలు. ఆ ఏడాది వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని బట్టి దానికి ఆ పేరు పెట్టారు. ఆ ముందుకు పొడుచుకొచ్చిన మెరిసే గ్రూప్ ఇప్పటికీ ఎన్నో మెషీన్ల మీద అలాగే కనిపిస్తుంది.

షాట్ అయ్యాక వినబడే ఠక్, పిప్పి బిళ్ళని డబ్బా అడ్డకడ్డీకేసి కొట్టిన చప్పుడు. ఒక్క దెబ్బకి బిళ్ళ మొత్తంగా ఊడిపడితే సరే. బురదలా జారుతోందంటే చాలావరకు పొడి తక్కువ పడినట్టు. ఠక్ ఠక్ ఠక్ మని నాలుగైదు సార్లు వినిపిస్తే అవతల ఎవరో కొత్త మనిషి.

పాల దగ్గర కాసేపు ఆగాలి. కాపుచినో గుర్తుపెట్టుకునేవాళ్ళు నిజానికి గుర్తుపెట్టుకునేది పాలనే.

పాలు ఫ్రిజ్‌లోంచి తీసినట్టే చల్లగా, జగ్గు కూడా చల్లగా ఉండాలి. చల్లగా మొదలుపెడితే నురగ సర్దుకోవడానికి ఆ కొద్ది సెకన్లూ ఎక్కువ దొరుకుతాయి. జగ్గు సగానికి మించి నింపకూడదు. ముందు ఆవిరి గొట్టాన్ని ఖాళీగా ఒకసారి వదలాలి, లోపల పేరుకున్న నీళ్ళు పోతాయి. అది చేయకపోతే ఆ నీళ్ళన్నీ పాలలోకే. తర్వాత గొట్టం మొన పాల ఉపరితలానికి కాస్త కింద ఉంచి ఆవిరి తిప్పితే, కాగితం చింపుతున్నట్టు చిస్, చిస్ అని సన్నగా వినిపించాలి. గాలి లోపలికి పోతున్న చప్పుడది. మూడు నుంచి ఐదు సెకన్లు చాలు, జగ్గు అరచేతికి చల్లగా అనిపించడం మానేలోపు ఆ పని ముగియాలి. ఆపైన మొనని కొంచెం లోపలికి దించి, ఒక పక్కకి పెట్టి, పాలు సుడి తిరిగేలా చేయాలి. ఆ సుడిలోనే పెద్ద బుడగలు పగిలి సన్నబడతాయి. జగ్గు మీద చెయ్యి నిలపలేనంత వేడెక్కాక ఒకటి రెండు సెకన్లలో ఆపేస్తే పాలు దాదాపు 60 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఆపాక కూడా రెండు మూడు డిగ్రీలు పెరుగుతాయి.

65 దాటకూడదు. 60 దగ్గర పాలు తియ్యగా అనిపిస్తాయి, చక్కెర వేశారా అని అడిగేవాళ్ళు ఉంటారు. 70 దాటితే పాలలోని ప్రోటీన్లు విరిగి, గంధకం తాలూకు మరిగిన పాల వాసన వస్తుంది, ఆ తియ్యదనం అడుగంటుతుంది. "ఇంకా వేడిగా కావాలి" అని అడిగే కస్టమర్ దగ్గర కౌంటర్ అవతలివాళ్ళ మొహం ఒక్క క్షణం మారడానికి కారణం ఇదే. కావలసినవాళ్ళకి పాలు పెంచడం కంటే కప్పుని వేడినీళ్ళతో ఇంకోసారి కడిగి ఇవ్వడం మంచిది.

చప్పుడుతో తప్పు ఎక్కడో చెప్పేయొచ్చు. కీచుమని అరిచిందంటే గాలి అసలు పోలేదు, గొట్టం మరీ లోతుగా ఉంది. గళగళమని పెద్ద బుడగలు తేలాయంటే మొన పైకి వచ్చేసింది. ఎంత చేసినా నురగ నిలవకపోతే పాలు పాతవి, లేదా ఒకసారి కాచి మిగిలినవి. అలా కాగిన పాలకి మళ్ళీ ఆవిరి పెడితే మొదటి నురగ రాదు, ప్రోటీన్లు అప్పటికే మారిపోయి ఉంటాయి. చివర్లో జగ్గుని బల్ల మీద ఒకసారి తట్టి, గుండ్రంగా ఊపుతారు. ఉపరితలం తడి పెయింట్‌లా మెరిస్తే పొయ్యొచ్చు. ఊపకుండా పక్కన పెట్టేస్తే అర నిమిషంలో నురగ పైకి, పాలు కిందికి విడిపోయి, ఎంత నేర్పున్నా కాఫీ మీద పాలతో వేసే ఆకు బొమ్మ రాదు.

ఆ బొమ్మ గురించి ఒక మాట. దానికి రుచితో సంబంధం లేదని అనేవాళ్ళు ఉన్నారు. పూర్తిగా నిజం కాదు. గీతలు స్పష్టంగా విడిగా నిలిచాయంటే నురగ సన్నగా ఉందని, క్రీమా బతికే ఉందని అర్థం. కానీ బొమ్మ బాగుండి కాఫీ పుల్లగా ఉండటమూ మామూలే. రెండూ రెండు చేతుల పని.

కప్పులు మెషీన్ నెత్తిన వరసగా పేర్చి ఉండేవి. అలంకారం అనుకునేవాళ్ళు. బాయిలర్ వేడికి అవి గోరువెచ్చగా ఉండాలనే ఆ ఏర్పాటు. 36 గ్రాముల కాఫీని చల్లటి మందపాటి పింగాణీ కప్పులో పోస్తే వేడంతా కప్పే తాగేస్తుంది. ఎస్ప్రెసో తాగే ముందు చెంచాతో కలపడం కూడా అలాంటిదే. మొదట దిగిన చిక్కటి భాగం అడుగున, పలచటిది పైన, చేదు క్రీమా నెత్తిన ఉంటాయి. కలపకుండా తాగితే మొదటి గుక్క చేదు, చివరి గుక్క పులుపు.

వాసన సంగతి కొంచెం వేరు. గింజ నలిగినప్పుడు లోపల బందీగా ఉన్న వాసనలు ఒక్కసారిగా వదులుతాయి. తలుపు తీయగానే కొట్టే ఘుమఘుమ గ్రైండర్ దయే, కప్పులోది కాదు. వాసన పసిగట్టే నాడుల దారి మెదడులో జ్ఞాపకాలకీ ఉద్వేగాలకీ సంబంధించిన భాగాలకి చాలా దగ్గరగా పోతుంది, అందుకే ఎప్పటి షాపో, ఎవరి పక్కన కూర్చున్నామో ఒక్క వాసనతో లేచి కూర్చుంటుంది. ఇదే వాసన చెడుగా కూడా పనిచేస్తుంది. పాత పిప్పి డబ్బా, ఆవిరి గొట్టం మీద ఎండిన పాలు, ఉతకని తడిగుడ్డ, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఘుమఘుమ కింద పులిసిన కంపు దాక్కుని ఉంటుంది. గొట్టాన్ని ప్రతి జగ్గు తర్వాత వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే పాలు కరకరలాడే పొరగా గట్టిపడతాయి, గోకినా రావు.

కూర్చునే చోటు విషయంలో పాత కస్టమర్లకి తిరుగు లేదు. గోడకి వీపు, కిటికీ ఒక పక్కన, తలుపు కనిపించేలా, గ్రైండర్‌కి దూరంగా. ఖాళీ షాపులో ముందు నిండేవి గోడ పక్క బల్లలే, నట్టనడుమ బల్ల చివరిదాకా మిగిలిపోతుంది. అలాంటి షాపుల్లో దీపాలు వెచ్చటి పసుపు కాంతివి, కాంతి రంగుని కొలిచే లెక్కలో 2700 కెల్విన్ దగ్గరవి, పైకప్పు నుంచి కాకుండా బల్లల ఎత్తుకి దగ్గరగా వేలాడేవి. గోడకి పుస్తకాల అల్మరా, కిటికీకి మందపాటి తెర, కింద ఒక తివాచీ ఉంటే మాటలు ప్రతిధ్వనించవు. అన్నీ తీసేసి గాజూ కాంక్రీటూ మిగిల్చితే, అవే పదిమంది మాటలు సంతలా మోగుతాయి. కొంత సందడి ఉండటం మంచిదే. కొత్త ఆలోచనలు పుట్టడానికి 50 డెసిబెల్స్ నిశ్శబ్దం కంటే 70 డెసిబెల్స్ మోస్తరు సందడి మేలనీ, 85కి పోతే చెడుతుందనీ 2012లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కాఫీ షాపులో కూర్చుని రాసుకునేవాళ్ళు ఆ మాట కోసం ఎదురుచూడలేదనుకోండి.

ఊగే బల్ల లేని కాఫీ షాపు లేదు. కాలి కింద మడిచిన కాగితం పెట్టడం అందరూ చేసేదే. బల్ల చతురస్రంగా, కాళ్ళు నాలుగూ సమానంగా ఉండి నేల మాత్రమే కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే, కాగితంతో పనిలేదు. బల్లని ఉన్న చోటే మెల్లగా తిప్పుతూ పోతే, పావు చుట్టు లోపల ఎక్కడో ఒకచోట నాలుగు కాళ్ళూ నేలకి ఆనతాయి. గణితంలో దీనికి రుజువు కూడా ఉంది. తిప్పినా ఊగుతోందంటే కాలే పొట్టిది.

ఇలాంటి షాపు ఇప్పటికీ దగ్గర్లో ఉంటే, వెళ్ళే వేళ చూసుకోండి. తెరిచిన మొదటి పది నిమిషాలూ, మధ్యాహ్నం రద్దీ ఉచ్చస్థితీ వదిలేసి, ఉదయం హడావిడి తగ్గిన గంటలో వెళ్ళండి. గ్రైండర్ దారిలో పడి ఉంటుంది, మెషీన్ వేడి మీద ఉంటుంది, కౌంటర్ అవతలి మనిషికి మాట్లాడే తీరిక ఉంటుంది. కాగితం కప్పు వద్దు, పింగాణీ కప్పులో అడగండి. వేడి పలక మీద గాజు పాత్రలో కాచి ఉంచిన కాఫీ ఉంటే ఎప్పుడు చేశారో కనుక్కోండి. అరగంట దాటితే అది చేదెక్కి ఉంటుంది. అదే కాఫీని ఫ్లాస్కులో పోసి ఉంచితే అంతకంటే చాలాసేపు నిలుస్తుంది.

వెళ్ళే ముందు గమనించాల్సిన వేళ ఇంకొకటి ఉంది, మూసే ముందు అరగంట. మెషీన్ కడుగుడు అప్పుడే. రంధ్రాలు లేని బాస్కెట్‌లో అర చెంచా క్లీనింగ్ పౌడర్ వేసి, గ్రూప్‌కి బిగించి, పది సెకన్లు నడిపి, పది సెకన్లు ఆపి, అలా ఐదుసార్లు. తర్వాత ఉత్త నీళ్ళతో మళ్ళీ ఐదుసార్లు. రబ్బరు వాషర్ సందుల్లో ఇరుక్కున్న పొడిని బ్రష్‌తో గోకుతారు. అది గట్టిపడితే వాషర్ మూసుకోక, బిగించిన చోటు నుంచి నీళ్ళు కారి, షాట్ ఒత్తిడి పోతుంది. రెండు గ్రూపుల మెషీన్ అయితే ఒకటి ముందు కడిగేసి, రెండోది ఆఖరి కస్టమర్ కోసం అట్టే ఉంచుతారు. అదీ విప్పి, పొడి మీద నీళ్ళు జల్లే జాలీ సబ్బునీళ్ళలో పడ్డాక ఎవరైనా కాపుచినో అడిగితే, కడిగిందంతా మళ్ళీ బిగించి, ఒక షాట్ తీసి పారబోసి, అప్పుడు చేయాలి. సబ్బు వాసన పోవడానికి ఆ ఒక్క షాట్ తప్పదు. కొన్ని షాపుల్లో కిమ్మనకుండా చేసి ఇచ్చేవాళ్ళు. మరికొన్నిట్లో "మెషీన్ ఆపేశామండీ" అనేవాళ్ళు. ఆ మాట చాలాసార్లు సాకే, నిజానికి చాలా షాపుల్లో పెద్ద మెషీన్లు రాత్రంతా ఆన్‌లోనే ఉంటాయి.